గోడౌన్‌లో ఉన్న లెక్కే స్క్రీన్ మీదా ఉండాలంటే: ఈఆర్‌పీనెక్స్ట్‌లో పురుగుమందుల స్టాకు

స్క్రీన్ మీద 236 సీసాలు, ర్యాకులో 196. ఇలాంటి తేడా కనపడగానే ముందు గోడౌన్ కుర్రాడి మీదకీ, తర్వాత సాఫ్ట్‌వేర్ మీదకీ అనుమానం పోతుంది. చాలాసార్లు తప్పు రెండిటిదీ కాదు. సరుకు కదిలిన వేళ ఒకటి, ఎంట్రీ పడిన వేళ ఇంకొకటి అయి ఉంటుంది. లేదా మొదటి రోజే యూనిట్ తప్పుగా పెట్టి ఉంటారు. ఆ నలభై సీసాలు ఎక్కడికి పోయాయో కింద లెక్క పెట్టే దశలో చూద్దాం.

ఉదాహరణకి పురుగుమందుల డిస్ట్రిబ్యూటర్‌ని తీసుకుందాం: గుంటూరులో పెద్ద గోడౌన్, నరసరావుపేటలో చిన్నది, ఖమ్మంలో ఒక బ్రాంచి. ఈ వ్యాపారంలో బ్యాచ్ (ఒకే విడతలో తయారైన సరుకు), గడువు, పెట్టెలు, స్కీములు, సీజన్ చివర వాపసులు అన్నీ ఉంటాయి కాబట్టి ఇది కుదిరితే మిగతా సరుకులు తేలిక. సాఫ్ట్‌వేర్ ఈఆర్‌పీనెక్స్ట్. ముంబైకి చెందిన ఫ్రాపే సంస్థ తయారుచేసిన, వ్యాపార లెక్కలు చూసే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ ఇది. మెనూ పేర్లు వెర్షన్ 15 ప్రకారం రాశాం.

1. ముందు వేర్‌హౌస్‌లు

సాఫ్ట్‌వేర్‌లో మీ కంపెనీని క్రియేట్ చేయగానే స్టోర్స్, వర్క్ ఇన్ ప్రోగ్రెస్, ఫినిష్డ్ గూడ్స్, గూడ్స్ ఇన్ ట్రాన్సిట్ అని కొన్ని వేర్‌హౌస్‌లు వాటంతటవే వస్తాయి. కొని అమ్మే వ్యాపారంలో నడిమి రెండిటితో పని లేదు, డిసేబుల్ చేయండి. గూడ్స్ ఇన్ ట్రాన్సిట్‌ను ఉంచండి.

‘గుంటూరు’ పేరుతో ఒక వేర్‌హౌస్ తీసి ‘ఈజ్ గ్రూప్’ టిక్ పెట్టండి. దాని కింద ఐదు వేర్‌హౌస్‌లు చాలు: అమ్మకం, చెకింగ్, వాపసు, డ్యామేజి, గడువు తీరినవి. గ్రూప్ వేర్‌హౌస్ మీద ఎంట్రీ పడదు, దాని కిందివాటి మీదే పడుతుంది. మొత్తం ఒకేచోట చూడటానికి మాత్రం అది పనికొస్తుంది.

ప్రతి ర్యాకునీ ఒక వేర్‌హౌస్‌గా పెట్టాలని కొందరు ఉబలాటపడతారు. ఈఆర్‌పీనెక్స్ట్‌లో అలా చేయొచ్చు, ఏ సరుకు ఎక్కడ పెట్టాలో చెప్పే ‘పుటవే రూల్’ కూడా ఉంది. కానీ ఒక ర్యాకు నుంచి పక్క ర్యాకుకి నాలుగు పెట్టెలు జరిపినా స్టాక్ ఎంట్రీ వేయాల్సిందే. ఆ పనికి ప్రత్యేకంగా మనిషి లేకపోతే వారం తిరక్కుండా ర్యాకు లెక్కలన్నీ అబద్ధాలవుతాయి. ముగ్గురు నలుగురు పనిచేసే గోడౌన్‌లో ర్యాకు నంబర్లు గోడమీద రాసుకుంటే చాలు.

2. ఐటెమ్, యూనిట్: తర్వాత దిద్దుకోలేనివి

ఇమిడాక్లోప్రిడ్ 17.8 ఎస్‌ఎల్ మందు 100, 250, 500 ఎంఎల్, లీటరు సీసాల్లో వస్తుందనుకోండి. ‘మందు ఒకటే కదా’ అని ఒకే ఐటెమ్ తీసి లీటర్లలో లెక్క పెడితే, 500 ఎంఎల్ సీసాలు అయిపోయి 100 ఎంఎల్ సీసాలే మిగిలినా స్క్రీన్ ‘40 లీటర్లు ఉంది’ అనే చెబుతుంది. ప్రతి సైజూ ఒక ఐటెమ్. సైజులు ఎక్కువైతే టెంప్లేట్ తీసి వాటిని వేరియంట్లుగా పెట్టండి.

‘డిఫాల్ట్ యూనిట్ ఆఫ్ మెజర్’ దగ్గర మీరు విడిగా అమ్మే అతి చిన్నది పెట్టాలి. ఇక్కడ అది సీసా, అంటే ‘నోస్’. ఐటెమ్‌లోని యూనిట్ల పట్టికలో ‘కార్టన్’ చేర్చి కన్వర్షన్ ఫ్యాక్టర్ 20 ఇవ్వండి (500 ఎంఎల్ పెట్టెకి 20 సీసాల లెక్కన). కార్టన్ యూనిట్‌లో ‘మస్ట్ బీ హోల్ నంబర్’ టిక్ ఉందో లేదో చూసుకోండి. ఉంటే సగం పెట్టె ఎంట్రీ పడదు, అది మంచిదే.

మొదటి లావాదేవీ పడ్డాక డిఫాల్ట్ యూనిట్ మారదు, కొత్త ఐటెమ్ తీసుకోమంటుంది. ‘హ్యాజ్ బ్యాచ్ నో’ టిక్ సంగతీ అంతే. అందుకే వందల ఐటెమ్‌లు ఒకేసారి ఎక్కించే ముందు ఐదింటితో కొని, అమ్మి, వాపసు తీసుకుని చూడండి. ఆ ఐదూ సరిగ్గా నడిస్తేనే మిగతావి డేటా ఇంపోర్ట్‌లో ఎక్కించండి.

3. బ్యాచ్

‘హ్యాజ్ బ్యాచ్ నో’, ‘హ్యాజ్ ఎక్స్‌పైరీ డేట్’ రెండూ టిక్ చేయండి. ‘ఆటోమేటికల్లీ క్రియేట్ న్యూ బ్యాచ్’ మాత్రం వద్దు. అది సొంతంగా తయారుచేసేవాళ్ల కోసం. మీకు కావలసింది లేబుల్ మీది నంబరు. తనిఖీకి వచ్చిన అధికారి అడిగేది ఆ నంబరే, రైతు ఫిర్యాదు తెచ్చినా వెతకాల్సింది దాన్నే.

ఇక్కడొక చిక్కుంది. ఈఆర్‌పీనెక్స్ట్‌లో బ్యాచ్ ఐడీ ఐటెమ్‌కి ఒకటి చొప్పున కాదు, మొత్తం సిస్టమ్‌లోనే ఒక్కసారి వాడాలి. ఒకే విడత మందుని తయారీ కంపెనీ 500 ఎంఎల్ సీసాల్లోనూ 250 ఎంఎల్ సీసాల్లోనూ నింపితే రెండు లేబుళ్ల మీదా ఒకే నంబరు ఉండొచ్చు. మొదటిది ఎక్కుతుంది, రెండోదానికి ‘ఇప్పటికే ఉంది’ అంటుంది. అప్పుడు కౌంటర్ దగ్గరి మనిషి చివర ఒక చుక్కో గీతో పెట్టి పని కానిస్తాడు. ఆరు నెలల తర్వాత ఆ చుక్క ఎందుకుందో ఎవరికీ గుర్తుండదు. మొదట్నుంచీ నంబరు ముందు ఐటెమ్ పొట్టిపేరు చేర్చే పద్ధతి పెట్టుకోండి: ‘ఇమి500-’ తర్వాత లేబుల్ నంబరు, ‘ఇమి250-’ తర్వాత లేబుల్ నంబరు.

లేబుల్ మీద గడువు నెల, సంవత్సరంగానే ఉంటే సాఫ్ట్‌వేర్‌కి తేదీ కూడా కావాలి. ఆ నెల మొదటి తేదీ వేయండి. నాలుగు వారాలు ముందే అమ్మకం ఆగినా ఫర్వాలేదు, గడువు దాటాక సీసా బయటికి పోకూడదు. తేదీ ఒకరు ఒకటో తారీఖు, ఇంకొకరు ముప్పయ్యో తారీఖు వేయడం మాత్రం వద్దు.

4. స్టాక్ సెట్టింగ్స్‌లో నాలుగు మీటలు

‘అలౌ నెగటివ్ స్టాక్’ (స్టాకులో లేని సరుకుకీ బిల్లు పడనిచ్చేది) ఆపి ఉంచండి. ఇది తెరవమని సేల్స్ వాళ్లు సీజన్‌లో రోజూ అడుగుతారు. ‘సరుకు ఎదురుగా ఉంది, బిల్లు పడటం లేదు’ అంటారు. నిజమే, కానీ బిల్లు పడకపోవడానికి కారణం పొద్దున్న దిగిన లోడుకి రిసీట్ (సరుకు అందినట్టు ఎంట్రీ) వేయకపోవడం. మీట తెరిస్తే ఆ రిసీట్ ఇంకో నాలుగు రోజులు ఆలస్యమవుతుంది. అమ్మిన సరుకు ఖరీదు కూడా అంచనా రేటుతో పడి, తర్వాత మళ్లీ మారుతుంది.

‘పిక్ సీరియల్ / బ్యాచ్ బేస్డ్ ఆన్’ దగ్గర ‘ఎక్స్‌పైరీ’ ఎంచుకోండి. ముందు వచ్చినదాన్ని కాదు, ముందు గడువు తీరేదాన్ని చూపిస్తుంది. ‘ఓవర్ డెలివరీ / రిసీట్ అలవెన్స్’ సున్నా ఉంచండి. ‘ఫ్రీజ్ స్టాక్స్ ఓల్డర్ దాన్’ దగ్గర 5 రోజులు పెట్టి, పాత తేదీ ఎంట్రీ వేసే అధికారం ఒక్క రోల్‌కే (సాఫ్ట్‌వేర్‌లో యూజర్లకి ఇచ్చే హోదాకే) ఇవ్వండి. పాత తేదీతో ఒక్క ఎంట్రీ పడినా ఆ తర్వాతి లావాదేవీలన్నిటి విలువా మళ్లీ లెక్కకొస్తుంది. గోడౌన్‌లో పెట్టె కదలకపోయినా నిన్నటి లాభం ఇవాళ వేరే అంకె చూపిస్తుంది.

5. ఓపెనింగ్ స్టాకు

స్టాక్ రీకన్సిలియేషన్ (లెక్కపెట్టిన సంఖ్యకి స్టాకును సరిచేసే ఫారం) తెరిచి, పర్పస్ ‘ఓపెనింగ్ స్టాక్’ ఎంచుకుని, ఐటెమ్, వేర్‌హౌస్, బ్యాచ్, సంఖ్య, రేటు ఎక్కించండి. పాత సాఫ్ట్‌వేర్ అంకెలు కాదు, చేత్తో లెక్కపెట్టినవి. రేటు సున్నాగా పడితే ఆ సరుకు అమ్మినప్పుడల్లా అమ్మిన ధర మొత్తం లాభంగా కనపడుతుంది.

6. లోడు వచ్చింది

30 పెట్టెల ఇమిడాక్లోప్రిడ్ 500 దిగిందనుకుందాం. లెక్క కోసం పెట్టె 6,000 రూపాయలు, సీసా 300. పెట్టెలు దింపుతుండగానే బ్యాచ్ నంబర్లు చూడాలి. పేర్చేశాక లోపలి వరుసవి కనపడవు. 18 పెట్టెలు ఒక బ్యాచ్, 12 ఇంకో బ్యాచ్ అని తేలింది. రెండో బ్యాచ్‌లో ఒక పెట్టె అడుగు తడిసి ఉంది, విప్పితే మూడు సీసాలు కారుతున్నాయి.

పర్చేజ్ ఆర్డర్ తెరిచి ‘క్రియేట్’లో ‘పర్చేజ్ రిసీట్’ నొక్కండి. ఒకే వరుసలో 30 కార్టన్లు వస్తాయి. దాన్ని రెండు వరుసలు చేసి, రెండో వరుస యూనిట్‌ను కార్టన్ నుంచి సీసాకి మార్చండి. మార్చకపోతే ఆ వరుసలో 11.85 కార్టన్లు అని వేయాల్సి వస్తుంది, పూర్ణసంఖ్య టిక్ ఉంటే అదీ పడదు. మొదటి వరుస: 18 కార్టన్లు, మొదటి బ్యాచ్. రెండో వరుస: యాక్సెప్టెడ్ 237, రిజెక్టెడ్ 3, రిజెక్టెడ్ వేర్‌హౌస్ ‘డ్యామేజి’.

అసలు ప్రమాదం ఇప్పుడే. యూనిట్ మార్చినప్పుడు రేటు 6,000 దగ్గరే ఉండిపోయిందా చూడండి. 237 సీసాలు 300 చొప్పున 71,100. అదే 6,000 చొప్పున 14,22,000. సంఖ్య సరిగ్గానే ఉంటుంది కాబట్టి గోడౌన్‌లో ఎవరూ పట్టుకోలేరు, స్టాకు విలువ మాత్రం ఆకాశానికెక్కుతుంది. ప్రతి రిసీట్‌లోనూ కింది మొత్తాన్ని కంపెనీ బిల్లుతో పోల్చాకే ముందుకెళ్లండి. కారిన సీసాల మేరకు తేడా ఉండాలి, అంతకు మించి ఉండకూడదు.

సేవ్ చేస్తే డ్రాఫ్టే. సబ్మిట్ నొక్కితేనే స్టాకు పెరుగుతుంది.

తర్వాత అకౌంటెంట్ పర్చేజ్ ఇన్‌వాయిస్‌ను ఆ రిసీట్‌లోంచే క్రియేట్ చేయాలి. విడిగా కొత్త ఇన్‌వాయిస్ తెరిచి, పార్టీ పేరు కొట్టి, ‘అప్‌డేట్ స్టాక్’ టిక్ పెడితే అదే సరుకు రెండోసారి ఎక్కుతుంది. ఇది జరిగిందో లేదో పట్టుకోవడానికి ‘స్టాక్ రిసీవ్డ్ బట్ నాట్ బిల్డ్’ ఖాతా చూడండి. రిసీట్ వేసినప్పుడు అందులో పడిన మొత్తం ఇన్‌వాయిస్ వచ్చాక పోవాలి. రెండు నెలల నాటి మొత్తం ఇంకా అక్కడే ఉంటే బిల్లు రాలేదన్నమాట, లేదా ఎవరో రిసీట్‌తో సంబంధం లేకుండా బిల్లు వేశారు.

లారీ కిరాయి, హమాలీ ఖర్చు సరుకు ఖరీదులో కలపాలంటే ‘ల్యాండెడ్ కాస్ట్ వౌచర్’ ఉంది. ఖర్చును సంఖ్య మీద పంచితే 100 ఎంఎల్ సీసా మీదా లీటరు సీసా మీదా ఒకే భారం పడుతుంది. కలగలుపు లోడుకి విలువ మీద పంచడమే నయం.

7. పదికి ఒకటి ఉచితం

ఈ వ్యాపారంలో స్కీము లేని లోడు అరుదు. 10 పెట్టెలకి ఒకటి ఉచితమైతే బిల్లులో ఉన్నట్టే రెండు వరుసలు వేయండి. ఉచిత వరుసకి రేటు సున్నా, ‘అలౌ జీరో వాల్యుయేషన్ రేట్’ టిక్. 200 సీసాలకి 60,000 కట్టి 220 తెచ్చుకున్నారు కాబట్టి అసలు ఖరీదు సీసాకి 272.73.

సాఫ్ట్‌వేర్ ఆ లెక్కకి వస్తుందా రాదా అన్నది బ్యాచ్ మీద ఆధారపడుతుంది. విలువ బ్యాచ్ వారీగా కడుతుంటే, ఉచిత పెట్టె అదే బ్యాచ్‌దైతే ఖరీదు కలిసిపోయి 272.73 అవుతుంది. వేరే బ్యాచ్‌దైతే ఆ 20 సీసాల ఖరీదు సున్నాగా, మిగతా 200 ఖరీదు 300గా విడివిడిగా నిలుస్తాయి. అప్పుడు ఒక డీలర్ బిల్లు మీద లాభం నూటికి నూరు శాతం అని వస్తుంది. ఆ రిపోర్టు చూసి మురిసిపోయి డిస్కౌంట్లు ఇవ్వకండి. స్కీములు ఎక్కువ ఉన్నవాళ్లు ఐటెమ్ వారీ లాభాన్ని బిల్లు వారీగా కాక నెల మొత్తానికి చూసుకోవాలి.

8. సరుకు పంపడం

సేల్స్ ఆర్డర్, దాన్నుంచి పిక్ లిస్ట్ (ర్యాకుల్లోంచి ఏవి తీయాలో చెప్పే జాబితా), దాన్నుంచి డెలివరీ నోట్ (సరుకు బయటికి వెళ్లినట్టు ఎంట్రీ), చివర సేల్స్ ఇన్‌వాయిస్. డెలివరీ నోట్ వేశాక ఇన్‌వాయిస్‌లో మళ్లీ ‘అప్‌డేట్ స్టాక్’ అక్కర్లేదు.

పిక్ లిస్ట్ ప్రింటులో బ్యాచ్ నంబరు పెద్ద అక్షరాల్లో ఉండాలి. సాఫ్ట్‌వేర్ ముందు గడువు తీరే బ్యాచ్‌నే చెబుతుంది, పెట్టెలు తీసే మనిషి మాత్రం చేతికి అందినది తీస్తాడు. చేతికి అందేది ఎప్పుడూ నిన్న దిగిన కొత్త లోడే, ఎందుకంటే దాన్ని పాతదాని ముందే పేర్చారు. కాబట్టి కొత్త లోడు వచ్చిన రోజు పాత పెట్టెల్ని ముందుకి లాగి, వెనక కొత్తవి పేర్చడం దింపుడు పనిలో భాగంగా పెట్టండి. వేరే బ్యాచ్ తీయక తప్పకపోతే పిక్ లిస్ట్ మీద పెన్నుతో దిద్ది, డెలివరీ నోట్ సబ్మిట్ చేసేలోపు అందులోనూ మార్చాలి. లేకపోతే రెండు బ్యాచ్‌లూ తప్పుతాయి, మొత్తం మాత్రం సరిపోతుంది. పైకి తెలియని తేడా ఇదే.

9. ఒక గోడౌన్ నుంచి ఇంకో గోడౌన్‌కి

గుంటూరు నుంచి నరసరావుపేటకి: స్టాక్ ఎంట్రీ, రకం ‘మెటీరియల్ ట్రాన్స్‌ఫర్’, ‘యాడ్ టు ట్రాన్సిట్’ టిక్. సరుకు గూడ్స్ ఇన్ ట్రాన్సిట్‌లో ఉంటుంది. అక్కడ దింపుకుని లెక్కపెట్టినవాళ్లు ‘ఎండ్ ట్రాన్సిట్’ నొక్కాలి, పంపినవాళ్లు కాదు. ట్రాన్సిట్‌లో రెండు రోజులకు మించి సరుకు కనపడితే ఫోన్ చేయండి. బండితో డెలివరీ చలాన్, సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు.

ఖమ్మం సంగతి వేరు. అది తెలంగాణ, జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ వేరు. యజమాని ఒకరే అయినా రెండు రిజిస్ట్రేషన్ల మధ్య బదిలీ అమ్మకం కిందే లెక్క, పన్ను ఇన్‌వాయిస్ కావాలి. ఉట్టి మెటీరియల్ ట్రాన్స్‌ఫర్‌తో సరిపెట్టకండి. ‘ఇంటర్నల్ కస్టమర్’ పెట్టుకుని డెలివరీ నోట్, ఇన్‌వాయిస్‌ల దారిలో పంపండి.

10. వాపసు, డ్యామేజి, గడువు

సీజన్ అయ్యాక డీలర్ల దగ్గర్నుంచి పెట్టెలు తిరిగొస్తాయి. పాత డెలివరీ నోట్ తెరిచి ‘సేల్స్ రిటర్న్’ చేయండి. వేర్‌హౌస్ దానంతటది ‘అమ్మకం’ అని వస్తే ‘వాపసు’కి మార్చండి. సీల్, లేబుల్, బ్యాచ్ చూశాకే అక్కణ్నుంచి అమ్మకంలోకి బదిలీ. డీలర్ ఇచ్చిన సీసా మీది బ్యాచ్ మీరు అతనికి అమ్మినదేనా? ఇది తప్పక చూడండి. వేరే డిస్ట్రిబ్యూటర్ సరుకు మీ వాపసులో కలిసి రావడం కొత్తేమీ కాదు.

గడువు దాటిన బ్యాచ్‌ని డెలివరీ నోట్‌లో పెడితే సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు, స్టాక్ ఎంట్రీతో వేరే వేర్‌హౌస్‌కి మార్చడానికి మాత్రం అడ్డు చెప్పదు. వెంటనే ‘గడువు తీరినవి’లోకి మార్చండి. స్క్రీన్ మీద మారిస్తే చాలదు. 1971 నాటి క్రిమిసంహారకాల నిబంధనల ప్రకారం అలాంటి సరుకును విడదీసి, అమ్మకానికి కాదని ముద్ర వేసి, బోర్డు పెట్టిన ప్రత్యేక స్థలంలో ఉంచాలి. ‘బ్యాచ్ ఐటెమ్ ఎక్స్‌పైరీ స్టేటస్’ రిపోర్టును నెలకోసారి తీసి, మూడు నెలల్లో గడువు తీరేవాటిని కంపెనీకి ముందే చెప్పండి. గడువు తీరాక వాపసు అడిగే బలం తగ్గిపోతుంది.

కారిపోయినవాటిని ‘మెటీరియల్ ఇష్యూ’తో తీసేసి, ఖర్చు ఖాతా ‘డ్యామేజి’ ఎంచుకోండి. పాడై లెక్కలోంచి కొట్టేసిన సరుకు మీద తీసుకున్న ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్‌ను (కొన్నప్పుడు కట్టిన జీఎస్‌టీకి దొరికే మినహాయింపును) జీఎస్‌టీ చట్టం ప్రకారం వెనక్కి వేయాలి, కాబట్టి ఆ నెల జాబితా అకౌంటెంట్‌కి చేరాలి.

11. లెక్క పెట్టడం, ఆ నలభై సీసాలు

పొద్దున 8 గంటలకి లెక్కపెట్టారు: 236. స్క్రీన్ మీద 240. నాలుగు తక్కువ, సరే. కాగితం జేబులో పెట్టుకుని అమ్మకాల్లో పడ్డారు. మధ్యాహ్నం ఒంటిగంటలోపు 40 సీసాలు పోయాయి. ర్యాకులో 196, స్క్రీన్ మీద 200. అప్పుడు తీరిక దొరికి స్టాక్ రీకన్సిలియేషన్‌లో 236 కొట్టి సబ్మిట్ చేశారు. ఒంటిగంటకి స్టాకు 236 అని మీరే చెప్పారు, సాఫ్ట్‌వేర్ నమ్మింది. నాలుగు సీసాల తేడా సరిచేయబోయి నలభై సీసాల తేడా తెచ్చుకున్నారు.

షట్టర్ తెరవకముందే లెక్కపెట్టి, మొదటి బిల్లు పడేలోపు ఎంట్రీ వేయడం ఉత్తమం. అది కుదరకపోతే ‘ఎడిట్ పోస్టింగ్ డేట్ అండ్ టైమ్’ టిక్ చేసి 8:00 అని వేయండి. అప్పుడు 8 గంటలకి 236, తర్వాత అమ్మిన 40 పోను 196. ‘రీపోస్ట్ ఐటెమ్ వాల్యుయేషన్’ (విలువ మళ్లీ లెక్కకట్టే పనుల జాబితా)లో ఆ ఎంట్రీ ‘కంప్లీటెడ్’ అయ్యాకే రిపోర్టులు చూడండి.

ఇంకో జాగ్రత్త. రీకన్సిలియేషన్‌లో సంఖ్య గడి ఖాళీగా వదిలితే మార్పు లేదని అర్థం, 0 వేస్తే సరుకు లేదని అర్థం. లెక్కపెట్టని ఐటెమ్‌కి సున్నా కొడితే ఆ స్టాకంతా ఎగిరిపోతుంది.

ఏడాదికోసారి గోడౌన్ మూసి అంతా లెక్కపెట్టే బదులు రోజుకి పది ఐటెమ్‌లు, వేగంగా కదిలేవి నెలకి రెండుసార్లు వచ్చేలా చూడండి. తేడా వచ్చినప్పుడు కారణం గుర్తుండే కాలంలోనే దొరుకుతుంది.

12. రీఆర్డర్

రోజుకి సగటున 12 సీసాలు, కంపెనీ నుంచి రావడానికి 7 రోజులు, పైన మూడు రోజుల నిల్వ 36. రీఆర్డర్ లెవల్ 120. ఐటెమ్‌లో ఇది రాసి, స్టాక్ సెట్టింగ్స్‌లో ఆటో మెటీరియల్ రిక్వెస్ట్ టిక్ చేయండి. సాఫ్ట్‌వేర్ చూసేది ర్యాకులో ఉన్నదాన్ని కాదు, రావలసినవి కలిపి, ఇవ్వాల్సినవి తీసేసిన ‘ప్రొజెక్టెడ్’ సంఖ్యని. కాబట్టి ఎప్పటికీ రాని పాత పర్చేజ్ ఆర్డర్ తెరిచి ఉంటే రిక్వెస్ట్ పుట్టదు. అలాంటివి క్లోజ్ చేయండి. మిర్చి, పత్తి సీజన్ సగటు వేసవికి పనికిరాదు, ఏడాదికి రెండుసార్లయినా ఈ అంకెలు మార్చాలి.

13. రోజూ సాయంత్రం పది నిమిషాలు

షట్టర్ వేసేముందు నాలుగు తెరలు చూడండి. డ్రాఫ్ట్‌లో ఉన్న పర్చేజ్ రిసీట్లు, డ్రాఫ్ట్‌లో ఉన్న డెలివరీ నోట్లు, గూడ్స్ ఇన్ ట్రాన్సిట్, చెకింగ్ వేర్‌హౌస్. సరుకు వెళ్లిపోయి నోట్ డ్రాఫ్ట్‌లో ఉంటే అక్కడే సబ్మిట్ చేయండి. నోట్ సబ్మిట్ అయి పెట్టెలు ఇంకా గుమ్మం దగ్గరే ఉంటే వాటి మీద పార్టీ పేరు రాసి పక్కన పెట్టండి. పేరు లేని పెట్టె తెల్లారేసరికి మళ్లీ ర్యాకు ఎక్కుతుంది, ఇంకో పార్టీకి పోతుంది.